మా పాడ్‌కాస్ట్ విన్నదెవరు?

దోహాలో వరల్డ్ కప్ స్టేడియాల పనులు జోరుగా సాగుతున్న రోజులవి. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో నేనూ, నిజామాబాద్ రఫీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. శుక్రవారం సెలవు కాబట్టి ఫోన్‌లో సరదాగా రాజకీయాల పాడ్‌కాస్ట్ రికార్డు చేసి, క్యాంపులోని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టేవాళ్ళం.

ఓసారి బ్రిటన్ ఎన్నికల ప్రచారం గురించి మాట్లాడుతుంటే, పక్క మంచం మీదున్న మేస్త్రీ లచ్చన్న కలగజేసుకున్నాడు.

“ఆ దేశంల లీడర్లను జనం మొఖం మీదనే నిలదీస్తున్రు. మొన్న మన సైట్ల మనిషి పైకెల్లి కిందవడ్డడు. మనం ఎవ్వలనన్న అడిగినమా?”

ఆ మాటను తీసేయకుండా అలాగే గ్రూపులో పెట్టాం.

ఆ వారంలోనే క్యాంప్ బాస్ మా గదికి వచ్చాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. అయినా లచ్చన్న మాటల్ని పొల్లుపోకుండా హిందీలో అప్పజెప్పి, “యే కిస్‌నే బోలా?” అని అడిగాడు. లచ్చన్నే లేచి, “మై బోలా సాబ్,” అన్నాడు.

మర్నాడే లచ్చన్నను పనిలోంచి తీసేసి ఇండియాకు పంపించేశారు.

“బాస్‌కు హిందీల చెప్పింది మనోడే భాయ్,” అన్నాడు రఫీ.

ఆ సాయంత్రం మెస్‌లో మనవాళ్ళంతా ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించారు. వీళ్ళలో ఎవరోనని ఒక్కొక్కరి ముఖమే చూస్తూ తిన్నాను. పరాయిదేశంలో మన భాష వినబడితే ప్రాణం లేచొస్తుందంటారు. ఆ క్యాంపులో ఉన్నన్నాళ్ళూ తెలుగు వినబడితే నాకు భయమేసేది.