బెత్తెడు అంచు

మా కటింగ్ మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి ఫోనొచ్చింది. "అయ్యో" అన్నాను. ఆ వెనకే, నిజం తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు కదా అని లోపల హమ్మయ్య అనుకున్నాను. థూ, నాదీ ఒక బతుకేనా.

నేను పనిచేసింది బరకాలు, అంటే టార్పాలిన్లు, తయారుచేసే షెడ్డులో. తుపానుకు ఇంటి కప్పు లేచిపోతే ముందు కావలసింది బరకమే. మేస్త్రి నేలమీద గుడ్డ పరిచి, అరచెయ్యి ఆనించి అంచు కొలిచేవాడు. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. తన టీలో సగం నా గ్లాసులో వంచి, "తాగరా, నాకు పైత్యం" అనేవాడు. పైత్యమూ లేదు, పాడూ లేదు.

ఒక ఏడు పెద్ద తుపాను వెళ్లగానే యజమాని కంప్యూటరు కటింగ్ మిషన్ తెచ్చాడు. అందులో కొలతలు కొట్టే పని నాది. మేస్త్రి నా వెనక నిలబడి ఒకటే చెప్పాడు.

"అంచుకి బెత్తెడు ఒగ్గీరా. రెండు మడతలు పడాల. సముద్రం గాలి తాళ్లు కట్టే రింగుల కాడే లాగుతాది."

సరేనన్నాను. ఆయన అటు వెళ్లగానే సగానికి తగ్గించాను. ఒక్క మడతైతే కుట్టు తొందరగా తెములుతుంది, గుడ్డా కలిసొస్తుంది. కుట్టడానికి ముక్కలు ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లేవి గనక ఆయన కంటపడలేదు. వారం పని రెండు రోజుల్లో లారీ ఎక్కింది. యజమాని అందరి ముందూ నా భుజం తట్టాడు.

లారీ వెళ్లిన మూడో రోజు కళింగపట్నం నుంచి చేపలమ్మే ఆవిడ చిరిగిన బరకం చంకన పెట్టుకుని వచ్చింది. "రేతిరి గాలివానకి రింగులూడిపోనాయి బాబూ. బాలింత, పసిగుడ్డు తడిసి ముద్దయిపోనారు. ఎవులు కోసినారిది?"

మేస్త్రి అంచు విప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను.

"నా కొలతే తప్పైపోనాది తల్లీ" అన్నాడు.

వయసు మీద పడిందని యజమాని ఆయన్ని మాన్పించాడు. నేను మిషన్ ముందు కూర్చుని కొలతలు కొట్టుకుంటూనే ఉన్నాను. ఆయన సూది, దారం పట్టుకుని కళింగపట్నం వెళ్లి, దొరికిన ప్రతి బరకానికీ అంచులు మళ్లీ కుట్టి వచ్చాడు. ఎందుకలా చెప్పావని తర్వాత ఒకసారి అడిగాను. "నాకింకెన్నాళ్ల పనిరా? నీకు శానా ఉన్నాది. కొలత కాడ మాత్రం దొంగతనం సెయ్యకు" అన్నాడు.

మొన్న పలకరింపుకు వెళ్లాను. ఆయన భార్య పదిమందిలో నా చెయ్యి పట్టుకుంది. "ఆయన కొలత తప్పి నీకూ మాటొచ్చినాది. మనసులో ఎట్టుకోకు బాబూ."

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. అంచు తగ్గించింది నేనేనని చెబుదామనుకున్నాను.

"పర్వాలేదమ్మా" అన్నాను.

ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుని, నా చెయ్యి వదిలి, కళ్లు తుడుచుకుంది.