మిల్వాకీలో తలుపులు తట్టిన శనివారం

మా ఇంట్లో ఈసారి మూడు ఓట్లు. ఒకటి మావారు మురళిది, ఒకటి ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి అనన్యది, మూడోది నాది. నేను సిటిజన్ అయింది పోయినేడే కాబట్టి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయడం నాకు ఇదే మొదటిసారి. తండ్రీ కూతుళ్లు చెరో పక్షం. అభ్యర్థుల డిబేట్ టీవీలో చూస్తున్నప్పుడు మాటామాటా పెరిగింది. "నీకు ఈ కంట్రీ ఇంకా తెలీదు డాడీ" అని అది, "నీకు కష్టమంటే ఏంటో తెలీదు" అని ఆయన. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నా ఓటు తమ వైపేనని మాత్రం ఇద్దరికీ గట్టి నమ్మకం. నన్నెవరూ అడగలేదు.

అక్టోబరులో ఒక శనివారం అనన్య పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌కి బయల్దేరింది, తన పార్టీ తరఫున ఇంటింటికీ తిరగడానికి. మా ఇల్లినాయ్‌లో ఫలితం ముందే తెలిసినట్టు ఉంటుంది గనక అభ్యర్థులు ఇటు తొంగి చూడరు. పోటీ అంతా అక్కడే. తోడు రావలసిన స్నేహితురాలికి జ్వరం వచ్చింది. "అమ్మా, నువ్వు రా. ఏం మాట్లాడక్కర్లేదు, జస్ట్ వాక్ చెయ్" అంది. పులిహోర డబ్బాలో సర్దుకుని వెళ్లాను.

మా ఊరు షామ్‌బర్గ్ స్టేషన్‌లో పొద్దున ఏడున్నరకు లోకల్ రైలెక్కి, షికాగోలో దిగి విస్కాన్సిన్‌లోని మిల్వాకీ వెళ్లే రైలుకు మారాం. శనివారాలు రద్దీగా ఉంటుంది, టికెట్ ముందే తీసుకోవడం నయం. సీటు నంబర్లుండవు, ముందు ఎక్కినవాళ్లదే కిటికీ. మా ఎదుట ఒక తెలుగబ్బాయి కూర్చున్నాడు. కరీంనగర్ వాడట, పేరు నవీన్, హెచ్‌వన్ వీసా మీద పనిచేస్తున్నాడు. మేం వెళ్లే పని చెబితే నవ్వాడు.

"ట్యాక్స్ కడ్తం గానీ ఓటైతే లేదు ఆంటీ. ఎవరు గెల్చినా మా వీసా సంగతి ఆళ్ల చేతులనే. మా ఓటు గూడ మీరే వెయ్యాలె."

"ఎవరికి వెయ్యమంటావు?"

"గదే సమజైతలేదు" అన్నాడు. పులిహోర పెడితే ఇష్టంగా తిన్నాడు.

పదిన్నరకల్లా మిల్వాకీ చేరాం. స్టేషన్ బయట సిటీ బస్సెక్కితే పార్టీ ఆఫీసు పావుగంట. మూతబడిన షూ దుకాణాన్ని అద్దెకు తీసుకున్నారు. అక్కడ అనన్య ఫోన్‌లోకి తట్టవలసిన ఇళ్ల వివరాలు పంపారు. వీధి పొడవునా చిన్న ఇళ్లు, ఎర్రబడిన మేపుల్ చెట్లు. ఒకే ప్రహరీకి అటొక అభ్యర్థి బోర్డు, ఇటొక అభ్యర్థి బోర్డు. కొందరు తలుపు తీయలేదు. ఒకాయన "ఇద్దరూ అబద్ధాలే చెబుతారు, నేను సరుకుల ధర చూసి వేస్తాను" అని తలుపేసుకున్నాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె "స్కూళ్లలో కాల్పులు జరిగే ఈ రోజుల్లో మా పెద్దది క్షేమంగా ఇంటికి రావాలి. దాని గురించి మీవాళ్లేం చేస్తారో చెప్పు" అంది. అనన్య చెప్పింది. ఆమె పూర్తిగా విని, నమ్మినట్టూ నమ్మనట్టూ తలూపింది.

మధ్యాహ్నం రెండు దాటాక, ముంగిట్లో ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దావిడ కనిపించింది. పేరు క్యారల్. అనన్య తమ అభ్యర్థి గురించి మొదలుపెట్టగానే చేయెత్తి ఆపింది.

"పోయిన ఎన్నికలప్పుడు మా తమ్ముడూ మా అబ్బాయీ ఈ మెట్ల మీదే పోట్లాడుకున్నారమ్మా. మళ్లీ మాట్లాడుకోలేదు. మొన్న వేసవిలో మా తమ్ముడు పోయాడు. మావాడు శవపేటిక దగ్గర నిలబడి, ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నానమ్మా అన్నాడు. ఎవరి కోసం కొట్టుకున్నారో ఆ మనిషికి వీళ్ల పేర్లు కూడా తెలియవు."

అనన్య ఫోన్ జేబులో పెట్టేసుకుంది. క్యారల్ నావైపు తిరిగింది. "మరి మీరు ఎవరికి వేస్తున్నారు?"

"ఇంకా తేల్చుకోలేదు" అన్నాను.

అనన్య చటుక్కున నా ముఖంలోకి చూసింది. ఆ తరువాత ఇంకో నాలుగు తలుపులు తట్టాం గానీ దాని గొంతులో పొద్దుటి జోరు లేదు.

తిరుగు రైల్లో అనన్య అడిగింది. "నువ్వు నా సైడ్ కాదా అమ్మా?"

"డాడీ చెప్పే ధరల సంగతి నిజం. ప్రతివారం కొట్టుకెళ్లేది నేనే కదా. కడుపు ఉంచుకోవాలో వద్దో, నీ ఒంటి మీద నిర్ణయం నీదేనని నువ్వనేదీ నిజం. ఆడపిల్లను కన్నదాన్ని, నాకు తెలీదా? కానీ వీళ్ల ప్రచారం చూడు. ఒకరు నన్ను భయపెడతారు, ఒకరు నన్ను పొగుడుతారు. నీకు రోజెట్లా గడుస్తోందని ఇద్దరూ అడగరు."

"బట్ ఎవరికో ఒకరికి వెయ్యాలి కదా?"

"వేస్తాను. ఎవరికన్నది మీ ఇద్దరికీ చెప్పను."

కిటికీ బయట కోసేసిన మొక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి. అది కళ్లు తుడుచుకుంది. "డాడీతో ఏం మాట్లాడాలి నేను?"

"ఎన్నికలు కాకుండా ఏదైనా."

టీవీలో చూసినన్నాళ్లూ ఈ దేశం రెండు ముక్కలైపోయిందనే అనుకున్నాను. తలుపుల దగ్గర నేను చూసింది కోపం కన్నా అలసటే ఎక్కువ. పిల్లల కోసం, ధరల కోసం, పోయినవాళ్ల కోసం దిగులు పడుతున్న మనుషులు. ఆ దిగులు ఏ బోర్డు మీదా రాసి లేదు.

ఆరున్నరకు షామ్‌బర్గ్‌లో దిగితే మురళి కారుతో వచ్చి ఉన్నారు. నేను కావాలనే వెనక సీట్లో కూర్చున్నాను. అనన్య ఒక్క క్షణం తటపటాయించి ముందు తలుపు తీసింది. రెండు సిగ్నళ్లు దాటాక ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"చలేసిందా?"

"కొంచెం. ఒక డాగ్ నా మీదకి వచ్చింది డాడీ."

"అయ్యో, కరిచిందా?"

"లేదు. షూ లిక్ చేసింది."

ఆయన హీటర్ పెంచి, అది ఎలాంటి కుక్కో అడిగారు. అనన్య చెబుతోంది. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. సోమవారం పొద్దున, నవంబరు దాకా ఆగకుండా ముందస్తు పోలింగ్‌కి ఒక్కదాన్నే వెళ్లి రావాలనుకున్నాను.