మాస్కు వెనక అడిగిన ప్రశ్న

మా నాన్న, బాపు, పటాలంలో ఫిరంగుల దగ్గర పనిచేసి, చెవులు దెబ్బతిని ఇంటికి వచ్చాడు. ఆ వైకల్యం సర్వీసు వల్ల వచ్చింది కాదని పింఛనులో వైకల్యానికి రావలసిన భాగం ఇవ్వలేదు. తరువాత సూరత్ వచ్చి కడోదరాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ మోతలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆయన చెవుడు అక్కడెవరికీ తెలియలేదు.

ఆ పింఛను కోసం సైనిక ట్రిబ్యునల్‌లో మేం వేసిన అప్పీలు కరోనా కాలంలో వీడియో విచారణకు వచ్చింది. ల్యాప్‌టాప్, చార్జరు, ఇయర్‌ఫోన్లు, పక్కింటి వైఫై అన్నీ సరిచూశాను. అవతల జడ్జీలు మాస్కులు పెట్టుకుని కూర్చుంటారని తట్టలేదు.

పేరడిగితే బాపు "జీ సాబ్" అన్నాడు. మా వకీలు కలగజేసుకుని పేరు చెప్పాడు.

"చెవులు సాంచెల మోతకే పోయాయా?" అని హిందీలో రెండో ప్రశ్న.

బాపు నిటారుగా కూర్చుని మళ్ళీ "జీ సాబ్" అన్నాడు. అంతలో లైను తెగిపోయింది.

"ఏమడిగిండు బిడ్డా?"

చెప్పాను.

"ఆఫీసరు మాట అందకపోతే గట్లనే అంటుంటిమి," అన్నాడు.

ఆరోజు నుంచి ట్రిబ్యునల్ వెబ్‌సైటులో ఒకటే మాట: ఉత్తర్వు రావలసి ఉంది. ఇచ్చినా, కొట్టేసినా, ఇంకేమన్నా అడిగినా ముందు అదే కనిపిస్తుందని వకీలు అన్నాడు. సాంచెల వల్లే అని రాస్తే మాత్రం ఇక ఆశ లేదు. పళ్ళు తోముకోకముందే ఫోన్ తెరిచేవాణ్ణి. బాపు నా ముఖమే చూసేవాడు.

"బియ్యం అయిపోయినయంటే ఇనబడది, చాయ్ అంటే ఇనబడ్తది ఈయనకు," అని అమ్మ దెప్పినా ఆయన నవ్వడం మానేశాడు.

ఒక పొద్దున మాట మారింది: వైద్య పరీక్షకు తిరిగి పంపారు. వెంటనే వకీలుకు ఫోన్ చేశాను.

"కొట్టేయలేదు, ఒప్పుకోనూ లేదు. పేరడిగినా జీ సాబ్ అన్నాడు కాబట్టి, ఆ జవాబు లెక్కలోకి తీసుకోలేమన్నారు. మెడికల్ బోర్డు మళ్ళీ చూడాలట."

బాపు ఎదుట కూర్చుని, ఒక్కో మాట పెదవులతో విడదీసి చెప్పాను.

"అక్కడ గూడ మాస్కులేనా?"

"మాస్కులే."

"అయితే ఏమనాలె?"

"ఇనబడలేదని చెప్పు బాపు."

ఆయన వెన్ను నిటారుగా పెట్టాడు. "సునాయీ నహీ దియా, సాబ్." తప్పు చేసినవాడిలా, లోగొంతుతో.

అమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"జర గట్టిగ అను. వాళ్ళకన్న ఇనబడాలె గద."