నడుం నొప్పికి సెక్షన్ ఏడు

మా పెదనాన్నని పోలీసులు పట్టుకెళ్ళిన రోజు మధ్యాహ్నం నేను కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో, మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోను మోగుతూనే ఉంటే బయటికొచ్చి తీశాను.

"అమ్మీ, నాను ఠాణాలో ఉన్నాను. మీ పెద్దమ్మకి సెప్పకు," అన్నాడు పెదనాన్న.

"ఠాణాలోనా? ఏమైంది? పర్సు పోయిందా?"

"పర్సు ఉంది. నన్నే అట్టుకొచ్చీసినారు."

"ఎందుకు?"

 వెనక ఎవరో బెంగాలీలో టీ కోసం కేకలు వేస్తున్నారు.

"అది ఫోన్లో సెప్పీది కాదు. నువ్వు రా," అని పెట్టేశాడు.

మా పెదనాన్న ఎలాంటి మనిషో చెబితేగాని నా కంగారు అర్థం కాదు. ఆయన ఖిదిర్‌పూర్ డాకుల్లో క్రేను నడిపి రిటైరయ్యాడు. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం మాది. ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో ఆయన సంఘపెద్ద. ఆదివారం ప్రకటనలు చదవడానికి లేచి, చదవాల్సిన నాలుగు ముక్కలూ చదివేసి, ఆ తర్వాత సొంతంగా ఒక పావుగంట లోకాన్ని దులిపేవాడు. సినిమాలు, లాటరీ టిక్కెట్లు, ఆరాధన వేళ ఫుట్‌బాల్, ఆడపిల్లల లిప్‌స్టిక్, మగపిల్లల చెవిపోగులు, ఏదీ ఆయన చేతిలోంచి తప్పించుకునేది కాదు. చిన్నప్పుడు నా గోళ్ళ రంగు మీద కూడా ఒక ఆదివారం ఖర్చు పెట్టాడు. అలాంటి మనిషిని పోలీసులు పట్టుకోవడమేమిటి?

నడుం నొప్పి ముదిరి, ఎముకల డాక్టరుకి చూపించుకోవడానికి పెద్దమ్మతో కలిసి సాల్ట్ లేక్‌లోని మా ఫ్లాటుకి వచ్చి ఉన్నాడు. ఎందుకైనా మంచిదని మా కింది అంతస్తులో ఉండే వకీలమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ బెంగాలీ. యాభై దాటిన మనిషి. బిల్డింగులో చిన్నా పెద్దా అందరూ దీదీ అనే పిలుస్తారు. "ఏ సెక్షను?" అని అడిగింది. తెలీదన్నాను. "తెలుసుకుని చెప్పు. ఈలోగా నేను ఈ చేప తినేసి చెయ్యి కడుక్కుంటాను," అంది.

ఠాణాలో పెదనాన్న ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఒంటి నుంచి ఆవనూనె, కర్పూరం వాసన గుప్పుమంటోంది. ఆయన పక్కన ఇద్దరు మగవాళ్ళు. ఒకాయన ముఖాన్ని రుమాలుతో కప్పుకున్నాడు. రెండో ఆయన మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టుకునే కూర్చున్నాడు. నేనున్నంతసేపూ అది తీయలేదు. కానిస్టేబుల్ టీ ఇస్తే, అద్దం కాస్త పైకెత్తి తాగి మళ్ళీ దించుకున్నాడు. ఎదుటి బెంచీ మీద నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె నీలం రంగు ఏప్రాన్‌తో ఉంది. నలభై ఏళ్ళుంటాయి. నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది.

అధికారి నన్ను కూర్చోమని సంగతి చెప్పాడు. ఫిర్యాదు వస్తే ఒక మసాజ్ సెంటర్ మీద దాడి చేశారట. బోర్డు ఆయుర్వేదానిదట, లోపల వ్యాపారం వేరేదట. "ఈ పెద్దాయన అక్కడ కస్టమరు. మంచం మీద, చొక్కా లేకుండా దొరికాడు," అన్నాడు.

నవ్వొచ్చేసింది. పెదనాన్న ముఖం చూసి ఆపుకున్నాను.

"ఏటే నవ్వుతావు? డాక్టరు మాలిష్ సేయించుకోమన్నాడా నేదా? నీ ఎదరే కదా అన్నాడు?"

అన్న మాట నిజమే. వ్యాయామం, వేణ్ణీళ్ళు, కాస్త మాలిష్ అన్నాడు డాక్టరు. ఆ మధ్యాహ్నం షికారుకి బయల్దేరిన పెదనాన్నకి సందు చివర 'కేరళ ఆయుర్వేద మాలిష్' అన్న బోర్డు కనిపించింది. ఆయన పని చేసిన రోజుల్లో పోర్టు ఆసుపత్రి నర్సులంతా మలయాళీలే. ఆయన లెక్కలో కేరళ అంటే తెల్ల యూనిఫాం, ఇంజెక్షను, ఇంజెక్షనుకి ముందు చిన్న ప్రార్థన. ఇంకేమీ ఆలోచించకుండా మెట్లెక్కేశాడు.

నేను దీదీకి ఫోన్ చేసి విషయం చెప్పాను. మా ఫ్లాటులో డాక్టరు చీటీ ఉంటుంది, అది పట్టుకురమ్మన్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. ఫ్లాటులో పెద్దమ్మ ఉంటుంది కదా! అరగంట తర్వాత దీదీ చీటీతో పాటు పెద్దమ్మని కూడా వెంటబెట్టుకొచ్చింది. పెద్దమ్మ చేతిలో రబ్బరు వేణ్ణీళ్ళ సంచి ఉంది.

దీదీ నల్లకోటు సర్దుకుని అధికారి ఎదురుగా కూర్చుంది. "ఏం నేరం పెడుతున్నారు మా దాదు మీద?" అంది. పెద్దవయసు వాళ్ళని బెంగాలీలో అలా, తాతగారూ అన్నట్టు పిలుస్తారు.

"సెక్షన్ ఏడు."

దీదీ మా వైపు తిరిగి పాఠం చెప్పినట్టు చెప్పింది. పెద్దవాళ్ళు ఇష్టపడి ఒళ్ళమ్ముకోవడం మన దేశంలో దానంతటది నేరం కాదు. దానికోసం ఇల్లు నడపడం నేరం, ఆడవాళ్ళని తార్చడం నేరం, వాళ్ళ సంపాదన మీద బతకడం నేరం, వీధిలో నిలబడి పిలవడం నేరం. వెళ్ళిన మగవాడి సంగతి దగ్గర హైకోర్టులు తలో మాట అన్నాయి. అయితే ఆ చోటు గుడికో, బడికో, ఆసుపత్రికో రెండు వందల మీటర్ల లోపు ఉంటే ఇద్దరికీ మూడు నెలల దాకా జైలు. అదే సెక్షన్ ఏడు. "అక్కడున్నది మైనరు పిల్లయితే ఇక ఏళ్ళ తరబడే. అలాంటి కేసులో నేను ఇలా నవ్వుతూ కూర్చోను," అంది.

పెదనాన్న బెంచీ మీద ముందుకి జరిగాడు. ఆయన ముఖంలో భయం కాదు, కోపం కనిపించింది.

"అంటే ఆ పని నేరం కాదా?" అని బెంగాలీలో అడిగాడు.

"కాదు దాదు."

"పెద్దోలయితే, ఇష్టమయితే, నేరం కాదా? ఇదేటి సట్టం? ఇంత మెత్తగా ఉంటే లోకం ఏటయిపోద్ది? ఎవుడు రాసినాడిది?" కోపం వస్తే ఆయన బెంగాలీ వదిలేసి తెలుగులోకి వచ్చేస్తాడు. నేను అనువాదం చేశాను.

దీదీ చాలా మర్యాదగా అంది. "దాదు, చట్టం గట్టిగా ఉండాలని రేపు కోరుకుందురుగాని. ఇవాళ మెత్తగా ఉండటమే మనకి మంచిది."

"ఇంతకీ ఆ చుట్టుపక్కల బడి ఎక్కడుంది?" అని అధికారిని అడిగింది.

"ఎదురుగానే ఉంది. ఆది, గురువారాలు పిల్లలొస్తారు."

"అది బొమ్మలు గీయడం నేర్పే ట్యూషను."

"విద్యాసంస్థే కదా."

దీదీ కుర్చీలో వెనక్కి వాలింది. "బొమ్మల క్లాసు, పాటల క్లాసు, హోమియో డాక్టరు, కాళీ గుడి, ఇవేవీ లేని రెండు వందల మీటర్ల చోటు కలకత్తాలో ఎక్కడైనా ఉంటే చూపించండి. అక్కడ ఫ్లాటు కొనుక్కుంటాను, ప్రశాంతంగా ఉంటుంది."

అధికారి నవ్వాడు. హెల్మెట్‌లోంచి కూడా చిన్న శబ్దం వచ్చింది.

అంతవరకు ఊరుకున్న పెద్దమ్మ అప్పుడు ముందుకొచ్చింది. ఆవిడ బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో వాడుతుంది, అయినా అందరికీ అర్థమవుతుంది. "షునో బాబా, ఇనండి, ఈయన మీద మీరు ఏటి రాసినారో నాకు తెలీదు. ఈ మడిసికి సాక్సు ఎవుడు తొడుగుతాడు? నాను. మంచం మీంచి ఎవుడు లేవదీస్తాడు? నాను. తుమ్మితే నడుం అట్టుకుని గోడకి ఆనుకుండిపోతాడు. ఇలాటోడు ఎల్లి ఏటి సేస్తాడు? ఏటి సెయ్యగలడు? మీరే సెప్పండి!"

 పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. నేరం చేశాడన్నప్పుడు కూడా ఆయన అంత చిన్నబోలేదు.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు నెమ్మదిగా.

"నాను నిన్ను ఇడిపించడానికి సెప్తన్నాను."

"ఇడిపించొద్దు. జైల్లోనే ఉంటాను."

డాక్టరు చీటీ చూశాక అధికారి మెత్తబడ్డాడు. కేసులో ఆయన్ని సాక్షిగా మాత్రం చూపిస్తామన్నాడు. మిగతా ఇద్దరూ సంతకాలు చేసేసి బయటపడ్డారు, హెల్మెట్ ఆయన హెల్మెట్‌తోనే. పెదనాన్న కాగితం కూడా సిద్ధంగా ఉంది. ఆయనకి బెంగాలీ మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు, అందుకని నేను చదివి వినిపించాను. మాలిష్ పేరుతో లోపలికి పిలిచారనీ, తర్వాత అక్కడున్న ఆడమనిషి చెడ్డపనికి పిలిచిందనీ, తను ఒప్పుకోలేదనీ ఉంది. ఆయన గౌరవానికి ఏ లోటూ రాకుండా రాశారు. సంతకం చేస్తే ఇంటికెళ్ళిపోవచ్చు.

పెదనాన్న పెన్ను తీసుకోలేదు.

"ఎవులు పిలిసినారు?"

"ఆమె," అని అధికారి ఏప్రాన్ ఆమె వైపు చూపించాడు. ఆమె తల ఎత్తింది.

"అలాగ జరగనేదు," అన్నాడు పెదనాన్న. "ఆ అమ్మ నన్ను బోర్లా పడుకోమంది. నూనె రాసింది. ఆ మీదట నా నడుం మీద మోకాలెట్టి నొక్కింది. నాను యేసయ్యా అనీసి అరిసినాను. నొప్పి తగ్గిందా దాదు అనడిగింది. ఈలోగా మీరొచ్చీసినారు. జరిగింది అదీ. అది రాయండి."

"దాదు, మీ మంచికే రాశాం. లేకపోతే మిమ్మల్నీ ముద్దాయిని చెయ్యాల్సి రావచ్చు."

"పక్క గదుల్లో ఏటి జరిగిందో నాకు తెలీదు. నా గదిలో మోకాలు ఒకటే."

"మోకాలు అని రాయాలా?"

"రాయాల. సాన బాగా నొక్కిందని కూడా రాయాల."

అధికారి దీదీ వైపు చూశాడు. ఆవిడ భుజాలెగరేసింది. ఆయన నిట్టూర్చి కొత్త కాగితం తీశాడు. 'మోకాలు' అన్న చోట ఆగి పక్కనున్న కానిస్టేబుల్‌ని కుడి కాలని రాయాలా, ఎడమ కాలని రాయాలా అని అడిగాడు. ఏప్రాన్ ఆమె అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "కుడి," అంది. ఆ మాట అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

ఆటోలో ఇంటికెళ్తూ నేను అడిగాను. "సంతకం పెట్టేస్తే పోయేది కదా పెదనాన్నా? నిన్నేమీ అనలేదు కదా అందులో."

"ఆ పిల్ల ఎదురుగుండా కూకుంది," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఆటో గుంతలో పడటంతో నడుం పట్టుకున్నాడు.

మర్నాడు ఆ ఆడవాళ్ళని మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్తారని, ప్రభుత్వ హోముకి పంపే అవకాశం ఉందని దీదీ చెప్పింది. పొద్దున్నే పెదనాన్న తనే తయారై కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, చర్చికి వేసుకునే బూట్లు. సాక్సులు పెద్దమ్మే తొడిగింది, మాట్లాడకుండా. కోర్టులో దీదీ ఏప్రాన్ ఆమె తరఫున నిలబడింది. పెదనాన్న చెప్పిన కాగితం చదివాక, ఆమె మేజరు, ఎక్కడికి వెళ్ళాలో ఆమె ఇష్టమని మేజిస్ట్రేటు ఇంటికి పంపించేశారు. బయట ఆమె వంగి పెదనాన్న కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన అదిరిపడి వెనక్కి తగ్గాడు. "దణ్ణాలొద్దు, నిన్న ఎడం పక్క నొక్కకుండా ఒగ్గీసినావు," అన్నాడు బెంగాలీలో.

ఖిదిర్‌పూర్‌కి కబురు పెదనాన్న, పెద్దమ్మల కంటే ముందే చేరింది. లోకల్ చానెల్‌లో దాడి వీడియో వేశారు. ముఖాలు మసక చేశారుగాని, పెదనాన్న నడకని మసక చేయలేదు కదా. అలా పక్కకి ఒరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని నడిచే మనిషి మా సంఘంలో ఒక్కడే. ఎవరో దాన్ని చర్చి వాట్సప్ గ్రూపులో పెట్టి, కింద దణ్ణం పెట్టే బొమ్మలు వేశారు. కమిటీ వాళ్ళు కొన్నాళ్ళు ప్రకటనలు చదవొద్దన్నారు.

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో పెదనాన్న లేచి నిలబడ్డాడు. ఏమీ దాచలేదు. బోర్డు దగ్గర మొదలుపెట్టి మోకాలు దాకా వచ్చాడు. చట్టం ఎంత మెత్తగా ఉందో చెప్పి, దాని మీద తన అభ్యంతరం కూడా తెలియజేశాడు. వెనక వరస కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తారు. ముందు వరసలో పాస్టరు గారు మాత్రం నవ్వలేదు.

ఆరాధన అయ్యాక ముసలి ఆడవాళ్ళు పెద్దమ్మ చుట్టూ చేరారు. ఓదార్చడానికనుకున్నాను. "ఆ అమ్మి ఇళ్ళకొస్తదేటి?" అని ఒకావిడ అడిగింది. "మోకాళ్ళకి కూడా సేస్తదా?" అంది ఇంకొకావిడ. పెద్దమ్మ కాసేపు మూతి బిగించుకుంది. తర్వాత నన్ను పిలిచి దీదీని అడిగి నంబరు పట్టుకోమంది.

ఇప్పుడామె వారంలో కొన్ని రోజులు క్యానింగ్ లోకల్ ట్రైన్‌లో వచ్చి, ఖిదిర్‌పూర్‌లో మా వాళ్ళ ఇళ్ళు తిరిగి మాలిష్ చేస్తోంది. పెద్దమ్మ నడుం తర్వాతే పెదనాన్న నడుం. అప్పుడు కూడా పెద్దమ్మ ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పెదనాన్న అరిస్తే, "ఇంకా గట్టిగా నొక్కమ్మా," అంటుంది.

తర్వాతి ఎన్నికలో పెదనాన్నని సంఘపెద్దగా ఎన్నుకోలేదు. ఆయనకి అది బాగా తగిలింది. ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటున్నాడు. ఆ మసాజ్ సెంటర్ మేనేజరు మీద కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న ప్రతిసారీ పెదనాన్న టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళి వస్తున్నాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఇవాళ కూడా సాక్ష్యానికి పిలవలేదనీ, ఈ దేశంలో చట్టాలు అసలు సరిగ్గా లేవనీ చెబుతాడు.