సంగటి ముద్దలో బెల్లం

ఆకలితో చిన్నతనం గడిపిన ఆడమనిషికి, ఇంక నాకు పెట్టొద్దని ఎట్లా చెప్పాలి? ఇన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు చిక్కలేదు. హుసేనప్పకైతే అసలే చిక్కలేదు.

హుసేనప్పది నంద్యాల, కులవృత్తి దూదేకడం. భుజాన విల్లు వేసుకుని పల్లెలు తిరిగేవాడు. ఆరేడు మైళ్ళ నడక, తక్కిన పొద్దంతా నారి మీద కొయ్యగుండుతో దెబ్బ. ఇంటికొచ్చి మూడు సంగటి ముద్దలు తినేవాడు. అవి యాడికి పోయేవో, డొక్కలు మాత్రం బయటికి కనపడతానే ఉండేవి.

నలభయ్యో ఏట పత్తి మిల్లు యజమాని పిలిచి, అతణ్ణి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టినాడు. రైతులు తెచ్చిన పత్తిని చిటికెడు తీసి వేళ్ళ మధ్య సాగదీసి, ఇది మేలుది, ఇది నాసి అని చెప్పడమే పని. ఇప్పుడు అతను నడవనక్కరలేదు, బండ్లే అతని దగ్గరికి వస్తాయి. మంచిమాట కోసం రైతులు బెల్లం అచ్చులు, వేయించిన శనక్కాయలు ఒళ్ళో పోసి పోయేవాళ్ళు. నడక పోయింది గానీ మూడు ముద్దలు పోలేదు. వాటి మీద వరి అన్నం, నెయ్యి వచ్చి చేరినాయి.

పెండ్లాం మదార్ బీకి అంతకన్నా పండగ లేదు. ఆమెకు ఏడేళ్ళప్పుడు కరువొచ్చింది. గంజి పోసే కాడ వరసలో నిలబడి ఉండగానే, చంకలోని తమ్ముడు తల వాల్చేసినాడు. ఆనాటి నుంచి సన్నని మనిషిని చూస్తే ఆమెకు గుండె దడ.

"మా ఆయప్పను చూడు మహాదేవమ్మా, ఇప్పుడుగదా మనిషి మాదిరి ఉండాడు!" అని పక్కింటామెతో మురిసిపోయేది.

"చూస్తానే ఉండాంలేక్కా. తలుపు ఎడల్పు చేయించుకోండి, యా పొద్దో ఇరుక్కుంటాడు."

హుసేనప్ప కూడా నవ్వేవాడు. మొదట్లో ఆ బరువు పెద్దరికంగానే తోచింది. రాన్రానూ ఏదో సరిపడేది కాదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఆయాసం. కుర్చీ నీడకు జరుపుతాడు, మళ్ళీ ఎండకు జరుపుతాడు. నమాజులో వంగితే పైకి లేవడానికి పక్కవాని చెయ్యి కావాల్సి వచ్చింది. చిటికెడు పత్తి వేళ్ళ మధ్య పెట్టుకుని అట్లనే కునుకు తీసేవాడు. కడవెడు నీళ్ళు తాగినా నాలుక పిడచకట్టేది.

ఒకనాడు మిల్లు కాపలా గిడ్డయ్య అతణ్ణి గోడ వెనక్కి పిలిచినాడు.

"హుసేనప్పా, నువ్వు ఉచ్చ పోసిన కాడనే చీమలు పడతాండాయి. నేను పోసిన కాడికి ఒక్కటి రాదు. నీ ఒంట్లో ఏందో ఉండాదప్పా."

"నాది తియ్యని బతుకులేరా," అన్నాడు హుసేనప్ప. నవ్వు మాత్రం రాలేదు.

ఆ నెలలోనే బండిచక్రం కాలి బొటనవేలిని రాసుకుపోయింది. చిన్న గాయమే. రెండు నెలలైనా మానలేదు. కర్నూలు ఆస్పత్రి డాక్టరు వేలు చూసి, మూత్రం పరీక్ష చేయించి చెప్పినాడు: "ఒంట్లో చక్కెర నిండింది. కూర్చుని తిన్న తిండే నీ గుండె మీద, కాళ్ళ మీద పడింది. నెయ్యి, బెల్లం మానుకో. సంగటి ఒక్క ముద్ద చాలు. పుండు నల్లబడితే ఆలస్యం చెయ్యకుండా రా. పదిహేను రోజులు ఈడనే ఉండి మేం పెట్టిందే తినాలి. లేకుంటే కాలు తీసేస్తాం."

హుసేనప్ప ఒక్క ముద్దకు దిగినాడు. అంతకుముందే జబ్బు అతణ్ణి లోపల్నించి తినడం మొదలుపెట్టింది. చొక్కా వదులైంది, దవడలు తేలినాయి. మదార్ బీ కంటికి జబ్బు కనపడలేదు, తమ్ముడు కనపడినాడు.

"ఏమయ్యా, డాక్టరు కడుపు నిండినోడు. వానికేం తెలుసు? చిక్కి సగమైతాండావు."

"చిక్కితేనే కాలు నిలుస్తాదంట."

"మనిషే పోతే కాలెందుకు?"

ఆ తర్వాత కూడా ముద్ద ఒక్కటే వచ్చేది. అయితే మూడోనాడు అది బరువుగా ఉండింది. హుసేనప్ప ముద్ద విరిచినాడు. నడిమధ్యలో నెయ్యిలో కరిగిన బెల్లం, ఎర్రగా. తలెత్తి చూసినాడు. ఎదురుగా మదార్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతను మింగుతాడా లేదా అని చూస్తా ఉంది. తిట్టాలనుకున్నాడు. తినేసినాడు. నాలుగోనాడూ తిన్నాడు. అట్లా నెలన్నర.

ఒక ఉదయం వేలి కొస నల్లగా కనిపించింది. గిల్లితే నొప్పి తెలియలేదు. గుడ్డ చుట్టి, ఇంట్లో అటొక అడుగు, ఇటొక అడుగు వేసినాడు. ఆస్పత్రికి పోతాండానని చెబితే ఆమె రాకుండా ఉండదు. వస్తే చేతిలో మూట ఉంటుంది. మూట విప్పి కళ్ళలోకి చూస్తే, తినకుండా ఉండే శక్తి తనకు లేదు.

మధ్యాహ్నపు కర్నూలు మోటారు బస్సుకు ఇంకా గంట ఉంది. లోపల మదార్ బీ తెడ్డుతో సంగటి కెలుకుతాంది. హుసేనప్ప తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. కుంటికాలు చప్పుడు చెయ్యకుండా, గోడ పట్టుకుని గడప దాకా వచ్చినాడు.

"ఏమయ్యా, ఆకలైతాందా? ఇదో, అయిపోవచ్చింది," అని ఆమె లోపల్నించే కేకేసింది.

అతను గొంతు సవరించుకోబోయి ఆపుకున్నాడు. తలుపు దగ్గరగా లాగి, ఎండలోకి దిగినాడు.