పువ్వో గడ్డో

మా మేట్రన్ పోయిందని తెలిసినప్పుడు అందరూ ‘అయ్యో’ అన్నారు. నేను అనలేదు. నా నోరు అంత మంచిది కాదు.

యాభైల నాటి మాట. మాచర్ల వైపు మా ఊళ్ళో ఒక మిషన్ కాంపౌండు ఉండేది. అక్కడి పనివాళ్ళ మీద పెత్తనమంతా ఈ మేట్రన్‌దే. మా అమ్మ అక్కడ కలుపు తీసే కూలి. ఆమె తీసిన మడిలో వెతికినా గడ్డిపోచ దొరకదని ఊరంతా చెప్పుకునేది. అమ్మకున్న ఆస్తల్లా ఆ పేరే.

క్రిస్మస్ ముందు మేట్రన్, మిషన్ నడిపే దొరసానమ్మ బంగళా వాకిట్లో మడి చూపించి, “ఏమే, చుట్టాలొస్తున్నారు. ఒక్క గడ్డిపోచ మిగిలినా ఊరుకోను” అంది. అమ్మ ఊడ్చిపెట్టినట్టు పీకేసింది. అది గడ్డి కాదట! దొరసానమ్మ తన దేశం నుంచి విత్తనాలు తెప్పించి చల్లించిన పూలమొక్క. ఆకు అచ్చం గడ్డే, కుటుంబం మాత్రం ఐరిస్ అనే పూలది. అక్కడి పచ్చికలో దానంతటదే మొలుస్తుందట. నీలం పువ్వు, నడిమధ్య పసుపు చుక్క.

ఆదివారం ఆరాధన అయ్యాక మేట్రన్ అమ్మను అందరి ముందూ నిలబెట్టింది. “గడ్డికీ పువ్వుకీ తేడా తెలవని మొద్దు. నేను చెప్పకుండానే పీకింది” అంది. చెప్పకుండానే! పక్కనే ఉండి విన్నదాన్ని నేను. కాంపౌండు పని పోయింది. చేలల్లో ఆడవాళ్ళు కూడా అమ్మను చూసి నవ్వేవాళ్ళు.

పీకిన కుప్పలోంచి అమ్మ ఒక దుబ్బు తెచ్చి పగిలిన కుండలో నాటింది. “నా కళ్ళతో చూడాల. పువ్వైతే తప్పు నాదే. గడ్డైతే నా చెయ్యి తప్పు చెయ్యలా” అంది. రోజూ నీళ్ళు పోసింది. కొన్నాళ్ళకు మొగ్గలొచ్చాయి.

ఆ సంగతి మేట్రన్ చెవిన పడింది. అమ్మ చేనికి పోయిన పొద్దున మా ఇంటికొచ్చింది. దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోతోందట, ఆమెకు కానుకగా ఇవ్వాలట.

“నేనే కాపాడానని చెప్తాలే. ఇటియ్యి” అంది.

నా ఒళ్ళు మండిపోయింది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ! దుబ్బును వేళ్ళతో సహా పీకి ఆమె కళ్ళ ముందే మా మేకకు వేశాను.

“గడ్డేగా అమ్మగారూ, మీరేగా పీకమంది!”

ఆమె మొహం మాడిపోయింది. అబ్బ, ఎంత హాయి! ఇప్పటికీ తలుచుకుంటే హాయిగానే ఉంటుంది.

సాయంత్రం అమ్మ చేతులైనా కడుక్కోకుండా కుండ దగ్గరకెళ్ళింది. జరిగింది చెప్పాను. కొట్టలేదు. ఖాళీ కుండను చూస్తూ అడిగింది.

“విచ్చినయ్యా?”

“లేదమ్మా, మొగ్గలే.”

తప్పు తనదో కాదో తెలియకుండానే అమ్మ పోయింది. దానికీ ఆ మేట్రన్‌నే తిడతాను. ఇంకెవర్ని తిట్టను?