వెనక తెడ్డు వేసిన మనిషి

కల్పన చేతకానివాళ్ళే నిజకథలు రాస్తారని రాజధాని బొగొటాలో తోటి టీవీ రచయితలు నొయెమీ బెర్రియోని వెక్కిరించేవారు. నవ్వి ఊరుకునే రకం కాదామె. "నీ నాయికకి అన్యాయం చేస్తే ఆవిడొచ్చి నీ కాలరు పట్టుకోదు. నా నాయిక పట్టుకుంటుంది. ఆ భయం లేదు గనకే నీ మాటలు చప్పగా ఏడుస్తాయి" అని మొహం మీదే అనేసేది.

బర్రాంకిల్యా కోర్టులో సాక్షుల మాటలు టైపు కొట్టే ఉద్యోగంతో మొదలైంది ఆమె బతుకు. అక్కడే ఒక సంగతి కనిపెట్టింది. నిజం చెప్పేవాడు నేరుగా విషయానికి రాడు, ఆ పొద్దున ఏం తిన్నాడో అక్కడి నుంచి ఎత్తుకుంటాడు. అబద్ధం చెప్పేవాడికి తిండి గుర్తుండదు. జడ్జిగారు విసుక్కుంటున్నా నొయెమీ ఆ కొబ్బరన్నాన్నీ చేపముక్కనీ కూడా వదలకుండా టైపు కొట్టేది. అందుకే ఆ ఉద్యోగం ఊడింది. తర్వాత రేడియో నాటకాలు, అక్కడి నుంచి టీవీ. ఎక్కడికెళ్ళినా నిజంగా బతికిన మనుషుల గురించే రాసింది.

ఆమెకొక నియమం ఉండేది. ఛానెల్ వాళ్ళ కంటపడకముందే, కథ ఎవరిదో వాళ్ళ వంటింట్లో కూర్చుని రాసినదంతా పైకి చదవాలి. ముందుగదిలో మనుషులు మర్యాదకి తలూపుతారు, పొయ్యి దగ్గర ఊపరు. ఒకసారి ఒక దర్జీ కథ చదువుతుంటే అతని భార్య ఉల్లిపాయలు తరుగుతూ, "మా ఆయన ఇంత చక్కగా ఏనాడు మాట్లాడాడమ్మా? నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేవాడు" అంది. నొయెమీ మొత్తం తిరగరాసింది.

లోరికా అనే ఏటిగట్టు ఊళ్ళోని అక్కాచెల్లెళ్ళ కథ ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. సినూ నది పొంగిన ఏట డోరియా ఇంటి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క చెక్కపడవతో సగం ఊరిని ఇళ్ళకప్పుల మీంచి దించి గట్టున పడేశారు. పడవ ముందు నిలబడి గెడ వేసింది చెల్లెలు ఎనైదా. సన్నటి మనిషి, అందగత్తె. వెనక కూర్చుని తెడ్డు వేసింది అక్క పెత్రోనా. భారీ మనిషి, నోరు తెరిస్తే తిట్లు. పత్రికవాడి ఫోటోలో పడవ ముందు సగమే పడింది. అంతే, లోకానికి ఎనైదా ఒక్కతే మిగిలింది. ఆమె పోయి చాన్నాళ్ళయింది. పెత్రోనా మాత్రం ఇప్పటికీ బజారులో చేపలు వేయించి అమ్ముతోంది.

నొయెమీ చదువుతుంటే పెత్రోనా పెనం మీది చేప తిప్పుతూ వింది. ఎనైదా గెడ వదిలేసి ఫోటోవాడి వైపు తిరగడం, వెనక నుంచి అక్క తిట్టడం, చెల్లెలు చటుక్కున కూర్చోవడం, అక్కడ పెత్రోనా ఆపింది.

"ఆ తిట్టు తప్పు. నేనంత చిన్న తిట్టు తిట్టలేదు."

"టీవీలో అంతకన్నా పెద్దది ఒప్పుకోరక్కా."

"పోనీలే. పడవలో నన్ను కూర్చోబెట్టావు, అది చాలు. ఈసారైనా నన్ను కోసెయ్యరు కదా?"

"కొయ్యనివ్వను."

మాట ఇచ్చేసింది. ఛానెల్ పెద్ద అవ్రేలియో కస్తన్యేదా అంతా చదివి మెచ్చుకుని కాఫీ తెప్పించాడు. అతను కాఫీ తెప్పించాడంటే కత్తెర దగ్గర్లోనే ఉందని అర్థం.

"ఇద్దరినీ ఒకరిని చేసేద్దామండీ. ఎనైదా ఒక్కతే. జనానికి ఒక మొహమైతే గుర్తుంటుంది. అందమైన మొహమైతే ఇంకా మంచిది."

"పెత్రోనా బతికే ఉంది సార్. రోజూ సాయంత్రం టీవీ చూస్తుంది."

"చూడనివ్వండి. మనం తీసేది వార్తలు కాదుగా."

"వెనక తెడ్డు లేని పడవ వరదలో ఎటు పోతుందో మీరొకసారి ఎక్కి చూడండి."

అతని మొహంలో నవ్వు పోయింది. స్క్రిప్టు మీద సంతకం అయిపోయిందనీ, అది ఛానెల్ ఆస్తి అనీ, బయట ఎక్కడైనా చదివితే ఈ దేశంలో ఇంకే ఛానెలూ ఆమెను గడప తొక్కనివ్వదనీ చెప్పాడు.

"కాగితాలు మీవే, ఉంచుకోండి. నా పేరు మాత్రం కొట్టేయండి. కథ నాకు నోటికొచ్చు" అని నొయెమీ లేచింది. కాఫీ అలాగే ఉండిపోయింది.

లోరికా వెళ్ళి ముందు పెత్రోనాతో జరిగింది జరిగినట్టు చెప్పింది. పెత్రోనా పొయ్యి ఆర్పేసింది. "మళ్ళీ కోశారన్నమాట" అంది. నొయెమీకి కళ్ళనీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ పొద్దున్నే బజారు మధ్యలో ఒక చేపల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని కథ మొదలుపెట్టింది. మర్నాడు పడవల రేవులో చెప్పింది, ఆ తర్వాత మంగలికొట్టు ముందు. కాగితం ముట్టుకోలేదు. వరద చూసినవాళ్ళు మధ్యలో అడ్డొచ్చి సరిదిద్దారు. తిట్టు కూడా అసలు సైజుకి వచ్చింది. నెల తిరిగేసరికి చేప బేరమాడే ఆడవాళ్ళ నోట పెత్రోనా మాటలు ఊతపదాలైపోయాయి. ఛానెళ్ళ నుంచి నొయెమీకి ఫోన్లు ఆగిపోయాయి. ఆమె మళ్ళీ రేడియో గడప తొక్కింది, దర్జాగా.

ధారావాహిక వేరే రచయిత పేరుతో మొదలైన సాయంత్రం లోరికాలో వీధంతా ఊగుడుకుర్చీలు బయటికొచ్చాయి. పెత్రోనా తన టీవీని గుమ్మంలోకి జరిపించింది. నొయెమీ ఆమె పక్కనే కూర్చుంది. తెర మీద వరద వచ్చింది, పడవ వచ్చింది, పడవలో ఒక్కతే అందగత్తె. వీధి గుర్రుమంది.

"ఆ సౌండ్ తీసెయ్" అంది పెత్రోనా.

తీసేశారు. మూగ పడవ కదులుతుంటే రేవు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వెనక తెడ్డు మాటలు అందుకున్నారు. "ఎడమకి తిప్పవే", "ముసలాయన్ని ముందు ఎక్కించు", "మేకని వదిలెయ్, మేకకి ఈతొచ్చు". పెత్రోనా మాత్రం పెదవి విప్పలేదు.

ఇంతలో తెర మీది ఎనైదా, అచ్చం నొయెమీ రాసినట్టే గెడ వదిలేసి, గాలికి జుట్టు ఎగురుతుంటే, నిండుగా ఇటు తిరిగి నిలబడింది. వీధి నోరు మూసుకుంది. ఇక్కడ పడాల్సిన మాట ఎవరిదో అందరికీ తెలుసు.

పెత్రోనా కుర్చీ ఊగడం ఆగింది. ఊరి చివరిదాకా వినిపించేలా అసలు తిట్టు తిట్టి, "ఎనైదా, కూర్చోవే. నీ ఫోటో పిచ్చికి పడవ తిరగబడుద్ది" అంది.

తెర మీద, వెనక ఎవరూ లేని ఆ పడవలో, ఆ అమ్మాయి ఉలిక్కిపడి చటుక్కున కూర్చుంది.